మోకాలి లిగమెంట్ తెగింది, వచ్చే జనవరికి మళ్లీ స్కీ ఎక్కగలనా?

మిద్దెమీద_మంచు (అనంతపురం) | ఫిబ్రవరి 24, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే కానీ రాసింది లేదు. ఇప్పుడు మంచం మీద పడ్డాను కాబట్టి తీరిక దొరికింది.

నాకు 37 ఏళ్లు, కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. మంచు అంటే ఫ్రిజ్‌లో తప్ప కనబడని ఊరు మాది. నాలుగేళ్ల కిందట ఉత్తరాఖండ్‌లోని ఔలీలో వారం రోజుల కోర్సు చేశాను, అప్పటి నుంచి స్కీయింగ్ పిచ్చి పట్టుకుంది. ఏడాదికి ఒక్కసారి, అయిదారు రోజులు, అంతే. ఈసారి కాశ్మీర్‌లోని గుల్మార్గ్ వెళ్లాం. నాలుగో రోజు మూడు గంటలు దాటాక, కాళ్లు పీకుతున్నా "ఇంకొక్కసారి" అని పైకెళ్లాను. కింద గట్టిపడిన మంచు మీద వేగం పెరిగింది. భయపడి వెనక్కి వాలాను. పిరుదులు మోకాళ్ల కంటే కిందికి దిగిపోయాయి. లేచి నిలబడదామని చూసేలోపే కుడి స్కీ తోక మంచులో పట్టుకుంది, కాలు లోపలికి మెలి తిరిగింది. టప్‌మని చప్పుడు. స్కీ మాత్రం బూటు నుంచి ఊడలేదు.

రెండు గంటల్లో మోకాలు గుమ్మడికాయంత వాచింది. ఇంటికొచ్చాక ఎంఆర్ఐ తీస్తే ఏసీఎల్ (కీలు మధ్యలో ఎముకల్ని పట్టి ఉంచే లిగమెంట్) పూర్తిగా తెగిందని, ఎంసీఎల్ (మోకాలి లోపలి పక్క లిగమెంట్) గ్రేడ్ 2, అంటే కొంత తెగిందని వచ్చింది. మెనిస్కస్ (కీలులో ఎముకల మధ్య ఉండే మెత్త) బాగానే ఉందట. ఎక్స్‌రేలో ఎముక విరిగినట్టేమీ లేదు. పక్కన ఇనుప పట్టీలున్న బ్రేస్ వేశారు. ఆరు వారాలయ్యాక ఆపరేషన్ సంగతి మాట్లాడదాం అన్నారు.

అమ్మ పుత్తూరు పోదాం అంటోంది. అత్తమ్మ ఏమీ అనడం లేదు, కానీ కాఫీ పెట్టే తీరులో అంతా అంటోంది. మా జేజి మోకాలి కింద రెండు దిండ్లు పెట్టి, కదిలితే ఊరుకోనని కాపలా కూర్చుంది. ఆపరేషన్ తప్పదా? వచ్చే జనవరికి మళ్లీ వెళ్లగలనా? ఈ దెబ్బ తిని తిరిగి స్కీ ఎక్కినవాళ్లు మన సీమలో ఎవరైనా ఉన్నారా?

కారందోసె (కడప) | ఫిబ్రవరి 24, రాత్రి 10:02

ఏందక్కా ఇది. జారడానికి కాశ్మీర్ దాకా పోవాల్నా? మా వీధిలో వాన పడిన రోజు రావాల్సింది, టికెట్ ఖర్చు మిగిలేది.

జోకులు పక్కన పెడితే, అమ్మ చెప్పింది కొట్టిపారేయొద్దు. మా చిన్నాయన మోచేతి కింద ఎముక విరిగితే పుత్తూరు కట్టు కట్టించుకున్నాడు. ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు, అంతే. నెలన్నరకు బిందె ఎత్తాడు. నీకూ పనిచేస్తుందేమో చూడు.

బురుజునీడ (కర్నూలు) | ఫిబ్రవరి 24, రాత్రి 11:15

చేయెత్తుతున్నా. నాకు 46. ఔలీలో ఎడమ మోకాలు, ఇదే ఏసీఎల్, ఇదే విధంగా. నాది కూడా మధ్యాహ్నమే, అలసిపోయాకే. ఆపరేషన్ అయ్యాక పదమూడు నెలలకు మళ్లీ వెళ్లాను. ఇప్పటికి రెండు సీజన్లు అయ్యాయి.

మొదటి నెలలో నేను చేసిన తప్పు ఒకటి చెబుతా. నడవగలుగుతున్నా కదా అని వంగడం గురించే బెంగపెట్టుకున్నా. ఎంత వంగుతోంది, ఎప్పటికి మఠం వేసుకుని కూర్చుంటా, ఇదే గోల. కాలు పూర్తిగా చాపుకోవడం లేదన్న సంగతి నేను పట్టించుకోలేదు, అప్పట్లో చూపించుకున్న చోట కూడా ఎవరూ గట్టిగా చెప్పలేదు. పది డిగ్రీలు తక్కువ. ఆ పది డిగ్రీల వల్ల ఆరు నెలలు కుంటుతూ నడిచాను. వంపు ఆలస్యంగానైనా వస్తుంది మేడం. చాపడం మొదట్లో రాకపోతే తర్వాత తెప్పించుకోవడం నరకం.

ఇంకోటి. జనవరి తారీఖు మనసులోంచి తీసేయండి. నేను డిసెంబరు టికెట్ ముందే కొనుక్కుని, ఆ టికెట్ కోసం కాలును తరిమాను. అది డబ్బు కట్టి టెన్షన్ కొనుక్కోవడమే.

కారందోసె తమ్ముడూ, చిన్నాయనది ఎముక. ఈమెది లిగమెంట్. ఎవరైనా ఫిజియో వచ్చి తేడా చెప్పేలోపు ఆవిడ పుత్తూరు బస్సు ఎక్కకుండా చూడండి.

ఫిజియో_తుంగభద్ర (కర్నూలు) | ఫిబ్రవరి 25, ఉదయం 6:20

ముందు ఒక పని చేయండి మేడం. జేజి చూడనప్పుడు మోకాలి కింది దిండ్లు తీసేయండి. మోకాలు కొంచెం వంచి ఉంచితే హాయిగా ఉంటుంది, నిజమే. అలాగే నాలుగు వారాలుంటే అదే వంపులో బిగుసుకుపోతుంది. ఆ దిండును మడమ కిందికి మార్చండి. మోకాలు గాల్లో ఉండాలి, దాని బరువుకు అదే కిందికి దిగాలి. పది నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు. బ్రేస్ ఎంతవరకు చాపనిస్తుందో అది మీ డాక్టరు పెట్టిన లెక్క. దాన్ని మీరే మార్చకండి, ముందు ఆయన్ను అడగండి.

రెండోది తొడ ముందు కండ. మోకాలు వాచితే ఆ కండకు ఆజ్ఞలు అందడం తగ్గిపోతుంది. అది బద్ధకం కాదు, కీలులో నీరు చేరితే శరీరం ఆ కండను తానే ఆపేస్తుంది. అందుకే వారంలోనే తొడ సన్నబడినట్టు కనిపిస్తుంది. మోకాలి వెనక తువ్వాలు చుట్ట పెట్టుకుని దాన్ని మంచానికేసి నొక్కండి. చిప్ప పైకి కదులుతోందా లేదా వేలు పెట్టి చూసుకోండి. వాపుకు ఐస్, గుడ్డలో చుట్టి పదిహేను ఇరవై నిమిషాలు. కరెంటు పోయే వేళలు మీకు తెలుసు, రెండు పాకెట్ల బఠానీలు ముందే ఫ్రీజర్‌లో పడేసి ఉంచండి.

మూడోది చిన్న విషయంలా కనబడుతుంది కానీ కాదు. వాచిన కాలితో విమానంలో, కారులో గంటల తరబడి కదలకుండా కూర్చుని వచ్చారు. పిక్క గట్టిపడి నొప్పి పుట్టినా, ఒక కాలి పిక్కే వాచినా ఆ రోజే డాక్టరుకు చూపించండి. రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే ఇక్కడ పోస్టు పెట్టకుండా నేరుగా ఆసుపత్రికి.

పుత్తూరు సంగతి. కట్టు కట్టేవాళ్లను నేను తక్కువ చేయను, కానీ విరిగిన ఎముక రెండు ముక్కలూ కదలకుండా పట్టి ఉంచితే దానంతట అది అతుక్కునే గుణం ఉంది. ఎంసీఎల్ కూడా అలాంటిదే. అది కీలు బయట ఉంటుంది, రక్తం బాగా అందుతుంది, అందుకే బ్రేస్‌తో ఆరు వారాలు చాలన్నారు. ఏసీఎల్ కీలు లోపల, ద్రవంలో ఉంటుంది. తెగిన కొసల మధ్య రక్తం గడ్డకట్టి నిలవదు, కలపడానికి ఆధారం దొరకదు. బయట గట్టిగా కట్టినంత మాత్రాన లోపలి తాడు ముడిపడదు. పైగా వాచిన కాలికి బిగుతు కట్టు ప్రమాదం.

కారందోసె | ఫిబ్రవరి 25, ఉదయం 8:31

సరే సార్, పుత్తూరు బస్సు క్యాన్సిల్. దిండు గురించి జేజికి ఎవరు చెబుతారో అది మాత్రం నన్ను అడగొద్దు.

పెన్నేటిగట్టు (తాడిపత్రి) | ఫిబ్రవరి 25, మధ్యాహ్నం 2:10

అమ్మా, నాకు 66. రిటైరయ్యాను. స్కీయింగ్ టీవీలో తప్ప చూడలేదు. నా రెండు మోకాళ్లలో గుజ్జు అరిగిపోయిందని చెప్పి పదేళ్లయింది. నేను ఒక్కటే అడుగుతాను, కోపగించుకోవద్దు. పిల్లల తల్లివి, నిలబడి పాఠాలు చెప్పే ఉద్యోగం. ఈ కాలు బాగయ్యాక దాన్ని మళ్లీ అక్కడికే తీసుకుపోవాలా? మా రోజుల్లో మోకాలు పోయేది బావి గట్టు మీదో ఎద్దు తొక్కితేనో. సరదాకు పోగొట్టుకునేవాళ్లం కాదు.

మిద్దెమీద_మంచు | ఫిబ్రవరి 25, రాత్రి 8:55

కోపం లేదు సార్. మా నాన్న ఉంటే ఇదే అడిగేవారు. జవాబు నా దగ్గర సరిగ్గా లేదు. ఏడాదిలో 360 రోజులు ఒకరి కోసం ఏదో ఒకటి చేస్తూనే ఉంటాను. ఆ అయిదు రోజులు నా కాళ్ల కింద నేల కూడా ఉండదు, అదే బాగుంటుంది. అంతకుమించి చెప్పలేను.

దిండు మార్చాను. జేజి ఇప్పుడు మడమ దగ్గర కాపలా కూర్చుంది.

రాడ్డుకాలు (ప్రొద్దుటూరు, ప్రస్తుతం డెన్వర్) | ఫిబ్రవరి 26, ఉదయం 7:44

అక్కా, ఎవరూ అడగని ప్రశ్న నేను అడుగుతా. స్కీలు అద్దెకు తీసుకున్నప్పుడు అక్కడివాళ్లు నిన్ను ఏమేం అడిగారు?

మిద్దెమీద_మంచు | ఫిబ్రవరి 26, ఉదయం 9:10

చెప్పుల సైజు. అంతే.

రాడ్డుకాలు | ఫిబ్రవరి 26, ఉదయం 9:52

అనుకున్నా. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ ఉంది చూడు, దాని ముందు వైపు, మడమ వైపు చిన్న కిటికీల్లో ఒక అంకె కనబడుతుంది. ఎంత బలం పడితే బూటును వదిలేయాలో చెప్పే లెక్క అది. అది పెట్టాలంటే అయిదు సంగతులు తెలియాలి: బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, నీ ఆట తీరు. నెమ్మదిగా వెళ్లేవాళ్లకు తక్కువ, దూకుడుగా వెళ్లేవాళ్లకు ఎక్కువ. నీ కంటే ముందు ఎనభై కిలోల కుర్రాడు వాడిన స్కీని అలాగే నీ చేతిలో పెట్టి ఉంటే, నువ్వు పడినా అది వదలదు.

అలాగని తప్పంతా దాని మీదే వేయలేం. బైండింగ్ పుట్టిందే ముంగాలి ఎముక విరగకుండా కాపాడటానికి. ఆ పని బాగానే చేస్తోంది, పాత రోజులతో పోలిస్తే కాళ్లు విరగడం చాలా తగ్గింది. ఏసీఎల్‌కు మాత్రం అది సరిగ్గా ఉన్నా హామీ లేదు. నువ్వు పడినట్టు వెనక్కి కూర్చుని, లోపలికి మెలిక తిరిగితే చాలాసార్లు అది వదిలే లోపే పని అయిపోతుంది.

నా పేరు చూశావు కదా. నేను అతి తెలివితో "ఎక్స్‌పర్ట్" అని రాసిచ్చి బిగుతుగా పెట్టించుకున్నా. బూటు పై అంచు దగ్గర ముంగాలి ఎముక రెండు ముక్కలైంది. లోపల రాడ్డు వేశారు. సిగరెట్ మానకపోతే ఎముక అతకడం ఆలస్యమవుతుందని సర్జన్ గట్టిగా చెప్పడంతో అదీ మానేశా. ఏడాదికి మళ్లీ ఎక్కా. కాలు బాగుంది, గీత గీసినట్టు మచ్చ ఒకటి మిగిలింది.

పడేటప్పుడు ఏం చేయాలో కూడా నేర్చుకో. చేతులు ముందుకు, పాదాలు దగ్గరగా. ఒకసారి పడిపోతున్నావని తెలిశాక లేవాలని చూడొద్దు, పూర్తిగా ఆగేదాకా మోకాళ్లు చాపొద్దు. ఎంత పౌరుషమున్నా సరే, పడిపో.

ఫిజియో_తుంగభద్ర | ఫిబ్రవరి 26, రాత్రి 10:30

ఆపరేషన్ తప్పదా అన్నదానికి. తప్పదని అందరికీ చెప్పలేం. స్వీడన్‌లో 121 మంది చురుకైన కుర్రవాళ్ల మీద చేసిన పరిశీలన ఒకటుంది, 2010లో మొదటి ఫలితాలు వచ్చాయి. ఒక గుంపుకు వెంటనే ఆపరేషన్. రెండో గుంపుకు ముందు వ్యాయామాలు, కుదరకపోతే తర్వాత ఆపరేషన్. అయిదేళ్లు గడిచాక చూస్తే రెండో గుంపులో దాదాపు సగం మంది ఆపరేషన్ చేయించుకున్నారు, మిగతా సగానికి అవసరం పడలేదు. మోకాళ్ల పరిస్థితిలో గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

మీ విషయంలో చూడాల్సింది ఒకటే. వాపు తగ్గి, కాలు చాపుకుని, కండ తిరిగి లేచాక, నడుస్తుంటే మోకాలు పక్కకు జారిపోతోందా? బస్సు దిగుతుంటే, బోర్డు వైపు నుంచి పిల్లల వైపు తిరుగుతుంటే? అలా జారిన ప్రతిసారీ బాగున్న మెనిస్కస్ దెబ్బతినొచ్చు. మెలికలు తిరిగే ఆట మళ్లీ ఆడాలనుకునేవాళ్లు ఎక్కువగా ఆపరేషన్ వైపే వెళ్తారు. ఏ దారైనా ఈ ఆరు వారాల కష్టం వృథా పోదు. బలమైన కాలితో ఆపరేషన్ బల్ల ఎక్కినవాళ్లు త్వరగా కోలుకుంటారు.

పెన్నేటిగట్టు సార్ అడగకుండా అడిగినదానికి కూడా నిజం చెప్పాలి. ఏసీఎల్ ఒకసారి తెగిన మోకాలిలో ముందు ముందు అరుగుదల వచ్చే అవకాశం ఎక్కువ. ఆపరేషన్ అయినా, కాకపోయినా.

బురుజునీడ | ఫిబ్రవరి 27, ఉదయం 6:05

నాకు మెట్లు దిగుతుంటే రెండుసార్లు జారింది. రెండోసారి చేతిలో మా పాప ఉంది. ఆ సాయంత్రమే ఆపరేషన్‌కు సరే అన్నా. అక్కడితో ఆలోచన అయిపోయింది.

మోడరేటర్ | ఫిబ్రవరి 27, ఉదయం 10:00

కొందరు సర్జన్ల పేర్లు, ఫోన్ నంబర్లు పోస్టు చేశారు, తీసేశాం. మంచిగా చెప్పినా, చెడుగా చెప్పినా పేర్లు వద్దు. మందుల డోసులు కూడా.

మిద్దెమీద_మంచు | మార్చి 30, రాత్రి 9:15

అయిదు వారాలయింది. ఎంసీఎల్ గట్టిపడింది, లోపలి వైపు నొక్కినా నొప్పి లేదు. కాలు పూర్తిగా చాపుతున్నాను. కానీ మొన్న క్లాసులో డస్టర్ కోసం గిర్రున తిరిగితే మోకాలు ఒక్క క్షణం నాది కాదనిపించింది. బల్ల పట్టుకున్నాను. పిల్లలు గమనించలేదు, నేను గమనించాను.

ఆపరేషన్ ఏప్రిల్ 9న. కొత్త లిగమెంట్ ఎక్కడి నుంచి తీయాలో కూడా మాట్లాడుకున్నాం. చిప్ప కింది నరం (అమ్మ మాట అది, నిజానికి టెండన్, అంటే కండను ఎముకకు కట్టే తాడు) నుంచి తీస్తే మోకాళ్ల మీద కూర్చున్నప్పుడు ముందు భాగం నొప్పి పెట్టొచ్చన్నారు. నేల మీద పూజ, నేల మీద తిండి, ముగ్గు, మా ఇంట్లో అన్నీ కిందే. తొడ వెనక కండ నుంచి తీస్తామన్నారు.

కారందోసె | మార్చి 30, రాత్రి 9:40

పైకి డస్టర్ కోసమే తిరిగావు, మనసులో గుల్మార్గ్ మలుపు తిరిగి ఉంటావు. ధైర్యంగా ఉండక్కా.

మిద్దెమీద_మంచు | ఏప్రిల్ 18, సాయంత్రం 5:30

తొమ్మిదో రోజు. చంకకర్రలతో వంటింటి దాకా వెళ్లొచ్చాను. కమోడ్ కుర్చీ కొన్నాం, గొంతుక్కూర్చోవడం కొన్ని నెలలు మర్చిపోమన్నారు. అనంతపురం ఎండ గురించి ఎవరూ ముందే చెప్పలేదేం? బ్రేస్ కింద చర్మం పొక్కింది. కాటన్ గుడ్డ చుట్టి దాని మీద బ్రేస్ వేస్తున్నాను, రోజుకు మూడు గుడ్డలు మారుస్తున్నాను. తొడ వెనక తీసిన చోట పిక్క దాకా నల్లగా కమిలింది. ఇది మామూలేనా?

బురుజునీడ | ఏప్రిల్ 18, సాయంత్రం 6:02

కమిలిన రక్తం కిందికి దిగుతుంది, నాకు చీలమండ దాకా వచ్చింది. కానీ పిక్క నొక్కితే గట్టిగా, నొప్పిగా ఉంటే ఫిజియోగారు మొదట్లో చెప్పింది గుర్తుంచుకోండి, రేపటిదాకా ఆగొద్దు. తొడ వెనక ఇంకో నెల దాకా ఒక్కోసారి పట్టేస్తుంది. నిద్రలో కాలు గబుక్కున ముడవకండి.

మిద్దెమీద_మంచు | మే 20, ఉదయం 5:50

ఆరు వారాలు కావస్తోంది. మిద్దె మీద ఈ వేళకే వ్యాయామం, ఏడయితే నేల కాలుతుంది. ఇక్కడ నన్ను చూసే ఫిజియో ఇవాళ కొత్తది నేర్పాడు. వీపు గోడకు ఆనించి, మోకాళ్లు కొంచెం వంచి కూర్చున్నట్టు నిలబడాలి. పేరేదో ఇంగ్లీషులో చెప్పాడు. నాకు నవ్వాగలేదు. ఇది మా లెక్కల సారు వేసిన గోడకుర్చీ!

కారందోసె | మే 20, ఉదయం 7:15

నేను ఎనిమిదో తరగతి అంతా గోడకుర్చీలోనే చదివా. అంటే నేను ఒలింపిక్స్‌కు తయారవుతున్నానన్నమాట, ఎవరూ చెప్పలేదు.

ఫిజియో_తుంగభద్ర | మే 20, రాత్రి 9:05

నవ్వండి కానీ సంగతి అదే. స్కీ మీద మనం చేసేది ఎక్కడం కాదు, దిగడం. వంచిన మోకాళ్లతో బరువును ఆపుతూ, కొంచెం కొంచెంగా వదులుతూ దిగడం. అంటే తొడ కండ సాగుతూ పనిచేయాలి. ఎక్కేటప్పటి పని వేరు. గోడకుర్చీ, తర్వాత సగం గుంజీళ్లు, ఆ తర్వాత మెట్టు మీద ఒంటికాలితో నిలబడి రెండో కాలి మడమను నెమ్మదిగా కిందికి దించడం. దించేటప్పుడు అద్దంలో చూసుకోండి, మోకాలు లోపలికి వాలకూడదు. మీ ఇంటి మిద్దె మెట్లు చాలు. జిమ్ లేదని దిగులు వద్దు.

మిద్దెమీద_మంచు | జూన్ 14, రాత్రి 8:20

తొమ్మిది వారాలు దాటాయి. నొప్పి లేదు, వాపు లేదు, నడక మామూలే. స్టేడియం ట్రాక్ మీద కొంచెం పరిగెత్తి చూడనా? కాలు బాగుందనిపిస్తోంది.

ఫిజియో_తుంగభద్ర | జూన్ 14, రాత్రి 8:31

వద్దు. మీ సర్జను, మీ ఫిజియో చెప్పేదాకా వద్దు. లోపల పెట్టిన కండతాడు ఇప్పుడు లిగమెంట్‌గా మారుతోంది. మొదట్లో పాత కణాలు చస్తాయి, కొత్త రక్తనాళాలు అల్లుకుంటాయి. ఆరో వారం నుంచి మూడో నెల దాకా అది ఆపరేషన్ రోజు కంటే బలహీనంగా ఉంటుంది. మీకు మాత్రం సరిగ్గా ఇప్పుడే అన్నిటికంటే బాగున్నట్టు అనిపిస్తుంది. ఈ వారాల్లోనే ఎక్కువమంది మోసపోతారు.

కారందోసె | జూన్ 15, ఉదయం 9:00

సార్, మరి ఆ అమెరికా స్కీ ఛాంపియన్ లిండ్సే వాన్ లాంటోళ్లు దెబ్బ తిని నెలల్లోనే వచ్చేస్తారు కదా?

రాడ్డుకాలు | జూన్ 15, ఉదయం 11:20

ఆమె కథ పూర్తిగా చెప్పు మరి. 2013 ఫిబ్రవరిలో ఆస్ట్రియాలోని ష్లాడ్‌మింగ్‌లో పడి ఏసీఎల్, ఎంసీఎల్ రెండూ తెగి, ముంగాలి ఎముక తల కూడా చిట్లింది. అదే ఏడాది నవంబరులో ప్రాక్టీసులో ఆ మోకాలికే మళ్లీ దెబ్బ. 2014 సోచి ఒలింపిక్స్ పోయాయి. 2018లో కాంస్యం గెలిచింది, ఒప్పుకుంటా. కానీ ఆమె చుట్టూ ఎంతమంది డాక్టర్లు, ట్రైనర్లు ఉంటారో ఊహించు. మన చుట్టూ ఉన్నది నువ్వూ, జేజీ.

మిద్దెమీద_మంచు | సెప్టెంబరు 27, ఉదయం 6:40

చాలా రోజులైంది. పరుగు ఆగస్టులో మొదలైంది, ముందు ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. ఇప్పుడు ఇరవై నిమిషాలు ఆగకుండా పరిగెత్తుతున్నాను. ఈ వారం ఒంటికాలి గెంతులు మొదలుపెట్టారు. సుద్దముక్కతో మిద్దె మీద గీతలు గీసుకున్నాను. మా అమ్మాయి వచ్చి చూసి, "అమ్మా, తొక్కుడుబిళ్ల గళ్లు ఇలా గీయరు" అని సరిదిద్దింది. ఎడమ కాలితో ఎగిరితే బాగానే ఉంది. కుడి కాలితో ఎగరడానికి కాలు ఒప్పుకుంటుంది, మనసు ఒప్పుకోదు. దిగేటప్పుడు కళ్లు మూసేస్తున్నాను.

పెన్నేటిగట్టు | సెప్టెంబరు 27, ఉదయం 9:30

అమ్మా, పాపతో కలిసి ఆడు. ఆటలో పడితే కాలి మీద ధ్యాస ఉండదు. ఒక సంగతి చెప్పాలి, నీ పోస్టులు చదివి నేనూ ఆ మెట్టు దించే వ్యాయామం మొదలుపెట్టాను, స్టూలు పట్టుకుని. పొద్దున లేచేటప్పటి పట్టు కొంచెం తగ్గింది. గుజ్జు తిరిగొచ్చిందని నేను అనడం లేదు.

మిద్దెమీద_మంచు | నవంబరు 16, రాత్రి 7:45

గుత్తి కోట ఎక్కి దిగాను. ఎక్కడం అలవోకగా అయింది. దిగడానికి ఎక్కినదానికి రెట్టింపు సమయం, చేతిలో కర్రలు, చివరి పావుగంట తొడలు వణికాయి. మర్నాడు మోకాలు వాచలేదు. జనవరి 20కి బెంగళూరు నుంచి శ్రీనగర్ టికెట్లు తక్కువలో ఉన్నాయి. బురుజునీడ సార్, తిట్టకండి, కొనేశాను.

బురుజునీడ | నవంబరు 16, రాత్రి 8:10

తిట్టను. రద్దు చేస్తే ఎంత తిరిగొస్తుందో మాత్రం ఇప్పుడే చూసి పెట్టుకోండి. ఇన్సూరెన్స్ తీసుకుంటే అందులో సాహస క్రీడలు మినహాయించారేమో చదవండి. చిన్న అక్షరాల్లో ఉంటుంది.

మిద్దెమీద_మంచు | జనవరి 9, రాత్రి 9:20

ఇవాళ్టికి సరిగ్గా తొమ్మిది నెలలు. మొన్న బెంగళూరులో మెషిన్ మీద పరీక్ష చేయించుకున్నాను. ఒంటికాలి గెంతు దూరం ఎడమతో పోలిస్తే 93 శాతం. తొడ ముందు కండ బలం మాత్రం 81. గెంతు బాగుంది కదా, పచ్చ జెండా పెట్టిన, కొత్తవాళ్లు నేర్చుకునే వాలులో నెమ్మదిగా రెండు రోజులు చేస్తే? నిజం చెప్పండి.

ఫిజియో_తుంగభద్ర | జనవరి 9, రాత్రి 10:05

రెండూ కనీసం 90 ఉండాలని చూస్తాం. గెంతు దూరం మనల్ని మోసం చేస్తుంది మేడం. తుంటి, చీలమండ ఎక్కువ పని చేసి తొడ లోటును కప్పేస్తాయి, దూరం మాత్రం వచ్చేస్తుంది. తొమ్మిది నెలలన్నది తలుపు తెరుచుకునే తేదీ, లోపలికి వెళ్లి తీరాలని కాదు. తొమ్మిదో నెల దాకా ఆలస్యం చేసిన ప్రతి నెలకూ మళ్లీ దెబ్బ తగిలే అవకాశం దాదాపు సగం తగ్గినట్టు ఒక పరిశీలనలో తేలింది. ఆ గడువు మీరు దాటారు, మంచిదే. మిగిలింది 81. ఆరు వారాలు బరువులతో గట్టిగా పనిచేస్తే అది కదులుతుంది.

కారందోసె | జనవరి 9, రాత్రి 10:12

అక్కా, జనవరి 20 టికెట్ నా పేరుకు మార్చడానికి వీలవుతుందా? ఊరికే అడుగుతున్నా.

మిద్దెమీద_మంచు | జనవరి 10, ఉదయం 6:00

వీలు కాదు తమ్ముడూ, అడిగాను. రద్దు చేశాను, మూడో వంతు పోయింది. ఫిబ్రవరి 22కి మళ్లీ చూస్తాను, ఈసారి పరీక్ష అయ్యాకే కొంటాను. రాత్రి కోపంతో పడుకున్నాను, పొద్దున లేచి మెట్ల దగ్గరికి వెళ్లాను.

మిద్దెమీద_మంచు | ఫిబ్రవరి 17, రాత్రి 8:50

బలం 91. గెంతు 96. దిగేటప్పుడు కళ్లు తెరిచే ఉన్నాయి.

సర్జను సరే అన్నారు. కొన్ని షరతులు నావే: మొదటి రెండు రోజులు ఔలీలో నేర్చుకున్న వాలు లాంటి చిన్నది, టీచర్‌తో. గొండోలా (కొండ పైకి తీసుకెళ్లే కేబుల్ కారు) రెండో దశ వైపు చూసేది లేదు. మధ్యాహ్నం భోజనంతో ఆట బంద్, "ఇంకొక్కసారి" అనే మాట మా ఆయన చెవిన పడితే స్కీలు లాక్కునే అధికారం ఆయనకు ఇచ్చాను. జేజికి ఇంకా చెప్పలేదు.

బైండింగ్ అంకె పెట్టేటప్పుడు పక్కనే నిలబడి చూస్తాను. బరువు 61, ఎత్తు, వయసు కాగితం మీద రాసుకున్నాను. ఆట తీరు "నెమ్మది" అని రాశాను, సిగ్గుపడకుండా. రాడ్డుకాలు తమ్ముడూ, ఒకటి మిగిలింది. బూటు అడుగు పొడవు అన్నావు కదా, అది నా పాదం సైజేనా? ఎక్కడ చూడాలి?

రాడ్డుకాలు | ఫిబ్రవరి 17, రాత్రి 9:14

పాదం సైజు కాదక్కా, అది వేరే. బూటు మడమ పక్కన ప్లాస్టిక్ మీదే అచ్చు వేసి ఉంటుంది, 285, 295 అలా, మిల్లీమీటర్లలో. అరిగిపోయి కనబడకపోతే ఆ బూటు తీసుకోకు, ఇంకోటి అడుగు.